చవక తుపాకి గురి

ఆ ఏడాది మా బావ చేతికి తుపాకి ఇచ్చింది నేనే. ఈ సంగతి ఎవరికి చెప్పినా ఆ ముక్క ముందే చెప్పేస్తాను. వినేవాళ్ళు చివరికి ఎలాగూ ఆ ప్రశ్న దగ్గరికే వస్తారు.

మా బావ పేరు ఓన్ని హార్యు. మా అక్క సెల్మా భర్త. ఇనుప గనిలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి బయటికొచ్చాడు. నేను మా ఊరి హార్డ్‌వేర్ షాపులో తుపాకుల కౌంటరు చూసుకుంటాను. పెళ్ళి చేసుకోలేదు, అక్కావాళ్ళింట్లో పై గదిలోనే ఉంటాను. ఏడాది పొడుగునా బావకీ నాకూ మాటామాటా వచ్చేది కాదు. నవంబరు పదిహేనున దుప్పుల వేట మొదలవుతుంది, నెలాఖరుతో ముగుస్తుంది. ఆ పదహారు రోజులూ మాత్రం ఒకే విషయం మీద కొట్టుకుచచ్చేవాళ్ళం.

బావది ఫిన్లండులో చేసిన పాత తుపాకి. వాల్‌నట్ చెక్క పిడి, నల్లగా మెరిసే గొట్టం. తూటా ఎక్కించే బోల్టు పైకెత్తి వెనక్కి లాగితే వెన్నలో కత్తి దిగినంత మెత్తగా వస్తుంది. పెళ్ళికి ముందు ఆరు నెలల ఓవర్‌టైం చేసి కొనుక్కున్నాడట. నేను షాపులో అమ్మేవి వేరు. ప్లాస్టిక్ పిడి, మెరుపు లేని గొట్టం, గురి చూసే దుర్భిణి, స్కోపుతో కలిపి మూడువందల యాభై డాలర్లు. వాటిని చూస్తే బావకి ఒళ్ళు మంట.

"అవి తుపాకులేంట్రా బామ్మర్దీ. సబ్బుపెట్టెలు," అనేవాడు.

నేను విడమరిచి చెప్పేవాణ్ణి. ఈ రోజుల్లో గొట్టాలు చేసేది మనిషి కాదు, యంత్రం. అది అలసిపోదు, సోమవారం పొద్దున తలనొప్పితో పనికి రాదు. కంపెనీ వాడు డబ్బు మిగుల్చుకున్నది చెక్కలోనూ పాలిషులోనూ, గొట్టంలో కాదు. గుండుకి పిడి అందంతో పనేముంది? బావ అంతా విని, సబ్బుపెట్టె వానలో కరిగిపోతే వారంటీ ఇస్తారా అని అడిగేవాడు. షాపులో ఉన్నవాళ్ళు నవ్వేవాళ్ళు. ఇరవై ఏళ్ళ పాటు ఆ పందెం తేలలేదు.

ఆ నవంబరులో తేలింది. గెలిచింది నేనే. అలాంటి గెలుపు పగవాడికి కూడా వద్దు.

*

మా క్యాంపు ఊరికి పద్దెనిమిది మైళ్ళ దూరంలో అడవిలో ఉంది. ఒక దుంగల గది, పక్కన వేడిరాళ్ళ ఆవిరిస్నానానికి సౌనా, అంతే. ఫోన్లు పనిచేయవు, వాకీటాకీలే దిక్కు. మేము ముగ్గురం వెళ్ళేవాళ్ళం: బావ, నేను, పక్కింటి డెన్నిస్ బెలాంజే. డెన్నిస్ స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. నోరు ఊరుకోదు, చెయ్యి అంతకన్నా ఊరుకోదు.

మా వైపు క్యాంపులన్నిటిలో ఒక రివాజు ఉంది. దుప్పిని కాల్చి గురి తప్పినవాడి చొక్కా కింది అంచు కత్తిరించి, పేరూ తేదీ రాసి గోడకి మేకు కొడతారు. మా గోడ మీద అలాంటి గుడ్డముక్కలు అరవైకి పైనే ఉంటాయి. డెన్నిస్‌వి పంతొమ్మిది. నావి పదకొండు. మా బావ నాన్నవి కూడా నాలుగున్నాయి, రంగు వెలిసిపోయి. బావది ఒక్కటీ లేదు. నలభై మూడేళ్ళలో ఒక్కటీ లేదు. ఆయన చొక్కాలన్నీ సెల్మా అక్క ఇస్త్రీ చేసినవి చేసినట్టే ఇంటికి తిరిగొచ్చేవి.

మొదటిరోజు పొద్దున ఎనిమిదింపావుకి బావ మంచె వైపు నుంచి తుపాకి మోత వినిపించింది. ఒక్కటే. బావది ఎప్పుడూ ఒక్కటే. నేను నా మంచె మీద కూర్చునే సాయంత్రం కాలేయం వేపుడు అనుకున్నాను. మధ్యాహ్నం బావ ఖాళీ చేతులతో వచ్చాడు. పెద్ద దుప్పి అని, మైదానం అవతల మేపుల్ చెట్టు ముందు పక్కకి తిరిగి నిలబడిందని చెప్పాడు. కాల్చాను, అది నావైపు ఒకసారి చూసి నడుచుకుంటూ వెళ్ళిపోయింది, అన్నాడు. వెళ్ళి చూశాడట. నెత్తురు లేదు, వెంట్రుక లేదు. అప్పటికింకా మంచు పడలేదు. ఎండుటాకుల మీద అడుగు ఏం కనిపిస్తుంది?

డెన్నిస్ కత్తెర పట్టుకొచ్చాడు, కానీ చేతులు ఆడలేదు. "పెద్దాయనా, ఇది నావల్ల కాదు. చర్చిలో కిటికీ పగలగొట్టినట్టుంది," అన్నాడు. బావే కత్తెర తీసుకుని తన చొక్కా తనే కత్తిరించుకున్నాడు. నవ్వాడు కూడా.

రెండోరోజు మళ్ళీ ఎనిమిదింపావుకే. మళ్ళీ ఒకటే మోత. మూడోరోజూ అంతే. అదే దుప్పి అన్నాడు బావ. ఎడమ కొమ్ము మొదట్లో విరిగింది, మెడ మీద తెల్లటి మచ్చ ఉంది, అదే చెట్టు ముందు అదే చోట నిలబడుతోంది. కాల్చాక చూస్తుంది, వెళ్ళిపోతుంది.

తుపాకి మోత విని నడుచుకుంటూ వెళ్ళిపోయే దుప్పిని నేనెప్పుడూ చూడలేదు. ఆ మాట అనబోయి ఊరుకున్నాను. మూడు గుడ్డముక్కల కింద కూర్చున్న మనిషితో ఏమంటాం?

మూడోరోజు సాయంత్రం ఆయనే నోరు విప్పాడు. "నా తుపాకి ముసలిదైపోయిందిరా. గొట్టం అరిగిపోయుంటుంది," అన్నాడు.

సిగ్గు విడిచి చెబుతున్నాను. ఆ మాటకి నా గుండె ఎగిరి గంతేసింది. షాపు నుంచి కొత్త తుపాకి ఒకటి తెచ్చి ట్రక్కులో పెట్టుకునే ఉన్నాను, ఎప్పుడైనా అవకాశం దొరక్కపోతుందా అని. మర్నాడు వేటకి వెళ్ళలేదు. క్యాంపు వెనక ఇసుక సంచులు పేర్చి, వంద గజాల దూరంలో అట్టముక్క నిలబెట్టాను. నేను మూడు గుండ్లు కాల్చాను. వెళ్ళి చూస్తే మూడు చిల్లులూ ఒక పాతిక సెంట్ల నాణెం కింద దాక్కున్నాయి.

తరవాత బావ కూర్చున్నాడు. ఊపిరి వదిలాడు, నొక్కాడు. బోల్టు లాగాడు, మళ్ళీ నొక్కాడు. మళ్ళీ. ఆయన చిల్లులు మూడూ ఒకదాని మీద ఒకటి ఎక్కి, మూడాకుల గడ్డిపరకలా ఉన్నాయి. నాణెం అక్కర్లేదు, బొటనవేలి గోరు చాలు.

అట్టముక్కని చాలాసేపు చూశాడు. "సబ్బుపెట్టె కాదురోయ్," అన్నాడు నెమ్మదిగా.

ఆ చేతులూ ఆ కళ్ళూ అంత బాగుంటే, మూడు రోజులు వరసగా దుప్పి ఎలా తప్పిపోయింది? ఆ ప్రశ్న ఆ క్షణమే నాకు రావాల్సింది. రాలేదు. నేను పందెం గెలిచిన మత్తులో ఉన్నాను.

*

పంతొమ్మిదో తేదీ నుంచి మళ్ళీ మొదలైంది. ఎనిమిదింపావు, ఒక మోత. కొత్త తుపాకి శబ్దం కాస్త పదునుగా ఉంటుంది, తేడా తెలిసేది. సాయంత్రానికి గోడ మీద మరో ముక్క. ఇరవైన ఇంకోటి, ఇరవై ఒకటిన మరోటి. బావ చొక్కా ఇప్పుడు నడుము దగ్గరికొచ్చేసింది. డెన్నిస్ వేళాకోళం మానేశాడు. సౌనాలో కూర్చున్నప్పుడు కూడా రాళ్ళ మీద నీళ్ళు చిలకరించి ఊరుకునేవాడు.

బావకి మాత్రం కోపం లేదు. అదే నాకు నచ్చలేదు. భోజనాల దగ్గర ఆ దుప్పి గురించే చెప్పేవాడు, ఇంటికొచ్చిన చుట్టం గురించి చెప్పినట్టు. ఇవాళ కాస్త దగ్గరికొచ్చిందట. ఇవాళ మెడ వంచిందట. ఒకసారి, "అది నన్ను చూడ్డానికే వస్తోంది," అన్నాడు. నేను తింటున్న మాంసం కూరిన రొట్టె పళ్ళెంలో పెట్టేశాను.

ఇరవై ఒకటో తేదీ సాయంత్రం డెన్నిస్ చెప్పిన మాట ఇంకా ఘోరం. ముందురోజు తన చాకు ఎక్కడో పడిపోయిందట. దాన్ని వెతుక్కుంటూ పొద్దున మేపుల్ చెట్టు వెనక నుంచి అడ్డంగా నడిచాడట. "తొమ్మిదయ్యుంటుంది. ఆ ఎనిమిదింపావు మోత అయ్యాక ముప్పావుగంటకి. పెద్దాయన మంచె మీంచి చూసి చెయ్యి ఊపాడు కూడా," అన్నాడు.

బావ తలెత్తాడు. "నేనెవరికీ చెయ్యి ఊపలేదు," అన్నాడు. "అక్కడ మనిషెవరూ లేరు. అదొక్కటే ఉంది."

డెన్నిస్ నా వంక చూశాడు. నేను పొయ్యిలో కట్టె సర్దాను.

మర్నాడు మోత విన్నాక, రొట్టెలూ కాఫీపొడీ అయిపోయాయన్న వంకతో ఊళ్ళోకి వెళ్ళాను. సెల్మా అక్క వంటింట్లో ఉంది. తలుపు దగ్గర నేల మీద చిన్న పళ్ళెంలో పాలున్నాయి. మేము పిల్లిని పెంచం. ఎప్పుడూ పెంచలేదు.

"ఎవరికక్కా?" అన్నాను.

అక్క ఆ పళ్ళెం తీసి సింకులో వంపేసింది. "అలవాటైపోయింది. వేసవి నుంచి ఆయన రోజూ నువ్వు షాపుకెళ్ళాక పెడుతున్నాడు. బూడిదరంగు పిల్లి అట. మొదట్లో కాదన్నాను. తరవాత నేనే పెట్టడం మొదలుపెట్టాను."

నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను. అక్క నెమ్మదిగా అంతా చెప్పింది. ఆగస్టులో ఒకరోజు ఆయన సోఫా ఖాళీగా ఉన్నా కూర్చోకుండా నిలబడ్డాడట. ఎందుకని అడిగితే, వాళ్ళు లేచాక కూర్చుంటాలే అన్నాడట. ఆయనకీ అనుమానం ఉంది. వేట అయ్యాక డాక్టరు దగ్గరికి వస్తాను, అప్పటిదాకా క్లిఫ్‌కి, అంటే నాకు, చెప్పొద్దు, వాడు క్యాంపుకి రానివ్వడు, అని ఒట్టు వేయించుకున్నాడట.

"ఏం కాల్చాడు?" అని అడిగింది అక్క.

"ఏమీ పడలేదు. ఏడుసార్లు కాల్చాడు."

అక్క చేతులు తుడుచుకోవడం ఆపింది. "ఇక్కడైతే పాలు ఒలుకుతాయిరా తమ్ముడూ, తుడిచేస్తాను. అక్కడ ఏది ఒలుకుతుందో అది తుడవలేం. రేపు ఆయన దుప్పి అనుకుని ఎవర్నో కాలిస్తే, ఆ పోయినవాడితోపాటు ఈయనా పోతాడు. ఆ తుపాకి ఆయన చేతిలోంచి తియ్యి."

"తీస్తాను," అన్నాను.

*

ఆ రాత్రి తియ్యలేదు. క్యాంపుకి చేరేసరికి మంచు మొదలైంది. బావ అప్పటికే నిద్రపోతున్నాడు. తుపాకి ఆయన తలవైపు కొక్కేనికి వేలాడుతోంది. నేను కాసేపు నిలబడి చూశాను. ఆ గోడకి ఎదురుగా ఏడు గుడ్డముక్కలు, అన్నీ ఒకే గళ్ళ గుడ్డవి. పొద్దున్నే లేచి మెల్లగా మాట్లాడదాం అనుకుని పడుకున్నాను. అది నా రెండో తప్పు.

లేచేసరికి ఆయన మంచం ఖాళీగా ఉంది. కొక్కెం కూడా.

బయట మోకాలి కింది దాకా మంచు. గాలి లేదు. చెట్లన్నీ ఊపిరి బిగబట్టినట్టున్నాయి. నేను బావ అడుగుల వెంటే నడిచాను. సగం దారిలో ఉండగా ఆ పదునైన మోత వినిపించింది. టైము చూసుకోలేదు, అక్కర్లేదు.

బావ మంచె మీద ప్రశాంతంగా ఉన్నాడు. "ఈసారి తగిలిందిరా. తూలింది. చెట్టు వెనక్కి వెళ్ళింది. ఈ మంచులో నా మోకాళ్ళు సాగవు, నువ్వెళ్ళి నెత్తురు చూడు," అన్నాడు. తుపాకి ఆయన ఒళ్ళో ఉంది. పైకెక్కి లాక్కుందామా అనిపించింది. కానీ నాకు తెలియాలి. ఒకవేళ అక్కడ నిజంగానే అడుగులుంటే? ఎవరైనా మనిషి పడి ఉంటే? వేటలో మనిషని తెలిసేలా వేసుకునే నారింజ కోటు గుండీలు పెట్టుకుని మైదానంలోకి దిగాను.

నూట ఇరవై గజాలు. మంచు దుప్పటి మీద ఒక్క గీత లేదు. ఎలుక కూడా తిరగలేదు. చెట్టు ముందు లేదు, వెనక లేదు, చిత్తడి వైపు వెళ్ళే దారిలో లేదు. మనిషెవరూ పడి లేరు. మొదట దానికి ఊపిరి పీల్చుకున్నాను.

తరవాత చెట్టుని చూశాను.

ఆ మేపుల్‌ని ఇద్దరు చేతులు చాచి పట్టుకున్నా అందదు. నా నడుముకి కాస్త కింద, సరిగ్గా దుప్పి గుండె ఉండాల్సిన ఎత్తులో, బెరడు చిట్లి తెల్లటి చెక్క కనిపిస్తోంది. చేతి తొడుగు తీసి వేళ్ళతో తడిమాను. ఎనిమిది చిల్లులు. పాత తుపాకివి కాస్త పెద్దవి, మూడు. మిగతా అయిదూ కొత్తదానివి. పాతవాటిని అరచేత్తో కప్పేశాను. కొత్తవాటికి మూడు వేళ్ళు చాలాయి. చివరిదాన్నించి ఇంకా చెక్క వాసన వస్తోంది.

బావ ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

నడుముకున్న వాకీటాకీ గరగరలాడింది.

"క్లిఫ్. కదలకు."

బావ గొంతు. గుసగుసగా, వేటలో మాట్లాడే గొంతు.

"తిరిగొచ్చింది. నీ పక్కనే ఉంది. నీ కుడిభుజం దగ్గర."

నేను కుడివైపు చూడలేదు. అక్కడ ఏమీ లేదని తెలుసు. తెలిసినా మెడ తిప్పలేకపోయాను. ఎదురుగా మంచె చిన్న నల్లటి పెట్టెలా కనిపిస్తోంది. అందులోంచి గొట్టం బయటికొచ్చి ఉంది. స్కోపు అద్దం మీద వెలుగు పడి ఒకసారి మెరిసింది. స్కోపులోంచి మనిషిని చూడకూడదు, తుపాకి ఖాళీగా ఉన్నా సరే. నాకు పద్నాలుగేళ్ళప్పుడు ఆ మాట చెప్పి, వినకపోతే వీపు మీద ఒక్కటిచ్చినవాడు బావే. ఇప్పుడు ఆయన నన్ను అందులోంచే చూస్తున్నాడు. ఆ గొట్టం ఎంత నికార్సుగా కాలుస్తుందో ఆయనకి నచ్చజెప్పినవాణ్ణి నేను. ఆయన కోరిన చోటికి గుండు వెళ్తుంది, వేలెడు తేడా లేకుండా. ఆయన ఏ చోటు కోరుతున్నాడన్నదే తెలియదు.

వాకీటాకీ నోటి దగ్గర పెట్టుకున్నాను. "బావా, బోల్టు తియ్యి," అన్నాను. అరవలేదు.

గొట్టం అక్కడే ఉంది.

"ఇక్కడ అడుగుల్లేవు బావా. నావొక్కటే."

నా ఊపిరి నా మొహం ముందు తెల్లగా పేరుకుని విడిపోతోంది. ఒకటి, రెండు, మూడు. లెక్కపెట్టాను. పదకొండో ఊపిరికి వాకీటాకీ మళ్ళీ గరగరలాడింది.

"నీ నోట్లోంచి ఆవిరి వస్తోంది," అన్నాడు బావ.

"అవును."

"దానికి రావట్లేదురా."

ఆ మాట తరవాత మైదానం మీదుగా ఒక చిన్న శబ్దం వచ్చింది. బోల్టు వెనక్కి లాగిన శబ్దం. పిడి ప్లాస్టిక్ కాబట్టి కాస్త గలగలమంటుంది ఆ తుపాకిలో. తూటా ఎగిరి మంచె చెక్క మీద పడి దొర్లింది. అంత నిశ్శబ్దంలో అది కూడా వినిపించింది.

నేను మంచె దగ్గరికి వెళ్ళేసరికి బోల్టుని పూర్తిగా ఊడదీసి చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. తుపాకి పక్కన పెట్టాడు. నేను ఎక్కగానే బోల్టు నా చేతిలో పెట్టాడు.

"ఎన్ని?" అన్నాడు, చెట్టువైపు గడ్డం ఎత్తి.

"ఎనిమిది."

"చెదిరాయా?"

"లేదు బావా. పాతవి అరచేతిలో పడతాయి. కొత్తవి మూడు వేళ్ళ కింద."

తలూపాడు. "అయితే నీ సబ్బుపెట్టే నయం," అన్నాడు.

*

సౌనాలో ఆ సాయంత్రం డెన్నిస్‌కి ఆయనే చెప్పాడు, చుట్టూ తిప్పకుండా. నాకు లేనివి కనిపిస్తున్నాయిరా, ఇకమీదట తుపాకి పట్టను, అని. డెన్నిస్ రాళ్ళ మీద ఒక గరిటెడు నీళ్ళు చల్లాడు.

"నేను కనిపిస్తున్నానా?" అన్నాడు చివరికి.

"ఖర్మకొద్దీ," అన్నాడు బావ.

బట్టలేసుకుని గదిలోకి రాగానే డెన్నిస్ గోడ మీద బావ ముక్కలు పీకబోయాడు. గురి తప్పనివాడి చొక్కా గోడకి ఎలా కొడతారని అతని వాదన. బావ ఒప్పుకోలేదు. దుప్పి పడిందా? పడలేదు. రూలు రూలే, అన్నాడు. ఎనిమిదోది కూడా తనే కత్తిరించి మేకు కొట్టాడు.

నేను ఇంటికి వెళ్ళిపోదాం అన్నాను. ఆయన వద్దన్నాడు. ఇంట్లో పిల్లి ఉంది, సోఫా మీద వాళ్ళున్నారు, ఇక్కడ ఇదొక్కటే, అన్నాడు. సీజను అయ్యేదాకా కూర్చుని చూస్తానన్నాడు. ఊళ్ళోకి వెళ్ళి అక్కకి చెప్పాను. అక్క ఉతికిన చొక్కాలు రెండు, అంచు చెక్కుచెదరనివి, సంచిలో పెట్టి ఇచ్చింది.

ఆ జబ్బుకి డాక్టరు పెట్టిన పేరు మాకు డిసెంబరులో తెలిసింది. నవంబరు ఆఖరి వారంలో మాకు పేరు తెలియదు, ఒక పద్ధతి మాత్రం ఉండేది. ఇద్దరం ఒకే మంచె మీద కూర్చునేవాళ్ళం, తుపాకి నా చేతిలో. ఆయన తనకి కనిపించేది చెప్పేవాడు. నేను నాకు కనిపించేది చెప్పేవాణ్ణి. ఎవరూ ఎవరినీ కాదనేవాళ్ళం కాదు. "వచ్చింది," అనేవాడు ఎనిమిదింపావుకి. "నాకు లేదు," అనేవాణ్ణి. "సరే," అనేవాడు. ఫ్లాస్కులో కాఫీ ఇద్దరం పంచుకునేవాళ్ళం. ఆ దుప్పి ఏం చేస్తోందో ఆయన చెబుతుంటే వినేవాణ్ణి. మేపుల్ బెరడుకి కొమ్ము రాసుకుంటోందట. ఒకరోజు మంచులో పడుకుందట. ఆయన చెప్పే తీరు ఎంత స్పష్టంగా ఉండేదంటే, ఒకటి రెండుసార్లు నేనూ కళ్ళు చిట్లించి చూశాను. చూశానని ఆయనకి చెప్పలేదు.

ముప్ఫయ్యో తేదీ, ఆఖరి రోజు. మధ్యాహ్నం మూడున్నర దాటింది. సన్నగా మంచు రాలుతోంది. ఆ వారమంతా అడవిలోంచి ఒక్క ప్రాణి బయటికి రాలేదు. సామాను సర్దుకుందామా అని అడగబోతుండగా చిత్తడి వైపు కొమ్మ కదిలింది. దుప్పి బయటికొచ్చింది. చిన్నదే, కొమ్ములకి ఆరు కొనలుంటాయి. మైదానం మధ్యకి వచ్చి ఆగి, మంచు తవ్వి గడ్డి వెతుక్కుంటోంది.

"నాకు కనిపిస్తోంది బావా," అన్నాను గుసగుసగా.

బావ ముందుకి వంగాడు. చాలాసేపు చూశాడు.

"నాకు రెండు కనిపిస్తున్నాయి," అన్నాడు. "పక్కపక్కనే. నీది ఏది?"

కన్ను స్కోపుకి ఆనించాను. "ఎడమది. ఆరు కొనలది."

"కుడిది పెద్దది," అన్నాడు బావ. ఆయన గొంతులో ఆశ ఎలా లేచి ఎలా అణిగిందో నేను విన్నాను. "సరే. ఎడమదే కొట్టు. భుజం వెనక. తొందరపడకు."

బోల్టు ముందుకి తోశాను. ఊపిరి వదిలాను. నొక్కాను. దుప్పి ఉన్నచోటే మోకాళ్ళ మీద కూలి, పక్కకి ఒరిగింది. మోత అడవి అంచుకి తగిలి తిరిగొచ్చింది. కాకులు లేచాయి.

నేను కిందికి దిగడానికి నిచ్చెన మీద కాలు పెట్టాను. బావ కదల్లేదు. పడిపోయిన దుప్పి వైపు కాదు, దానికి కుడిపక్కన, ఖాళీ మంచు వైపు చూస్తున్నాడు.

"చూశావా," అన్నాడు. "అంత మోతకి కూడా అది తల ఎత్తలేదు."

నేను కాలు వెనక్కి తీసుకున్నాను.

"అది వెళ్ళేదాకా ఆగుదాంరా," అన్నాడు బావ. "దాన్ని తోసుకుంటూ నడవడం బాగుండదు."

బోల్టు తెరిచి తుపాకి ఒళ్ళో పెట్టుకుని ఆయన పక్కన కూర్చున్నాను. ఎంతసేపని అడగలేదు. మంచు మెల్లగా పడుతోంది. పడిపోయిన దుప్పి మీద పడింది. దాని పక్కన, బావ చూస్తున్న చోట కూడా పడింది.